సన్నిధి ఎక్కడ ఉన్నది?
సౌదీ ఎడారి, మాధ్యమాలు, బౌద్ధ దృష్టి: ఒక పరిశోధన గురించి

మన మారిషస్ తెలుగు కుటుంబాలలో పుట్టి, విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఒక అమ్మాయి ఈమధ్య తన పరిశోధన ప్రతిపాదన తెచ్చి నా చేతిలో పెట్టి, "చదివి చెప్పండి బాబాయిగారూ, దారి సరిగా ఉన్నదో లేదో" అన్నది. సౌదీ అరేబియాలో పనిచేసే తెలుగు కార్మికులు ఇంటివారితో ఫోను తెరమీద మాట్లాడుకునేటప్పుడు ఒకరి సన్నిధిలో ఒకరు ఉన్నట్లా, లేనట్లా? ఈ ప్రశ్నకు బౌద్ధ తత్త్వం ఏమని సమాధానం చెబుతుంది? ఇదీ ఆమె విషయం.

విషయం మంచిది. కాని మొదటి పుటలోనే మూడు మాటలు కనిపించాయి. ఫోను దూరాన్ని జయించిందన్నది మొదటి మాట. దేహం ఎక్కడ ఉన్నా మనసు ఇంట్లో ఉండగలుగుతున్నదన్నది రెండవది. దేహాన్ని అనిత్యమని చెప్పిన బౌద్ధానికి ఈ కొత్త సన్నిధి చక్కగా ఒదుగుతుందన్నది మూడవది. మూడూ వినడానికి ఇంపుగానే ఉన్నాయి. మూడూ సరికావని నా అభిప్రాయం. ఎందుకు సరికావో ఆమెకు చెప్పిన మాటలనే కొంత విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. ఓడ ఎక్కి వచ్చి తిరిగి వెళ్ళలేకపోయినవారి సంతతి మనం. విమానం ఎక్కి వెళ్ళినవారి గురించి మనలో ఒకరు రాయబూనినప్పుడు ఆ రాత తేలికగా ఉండరాదు.

మొదట "సన్నిధి" అన్న మాటను పండితులు ఏ అర్థంలో వాడుతున్నారో చూద్దాం. దూరంగా ఉన్న యంత్రాన్ని ఇక్కడినుంచే నడుపుతూ అక్కడే ఉన్నట్లు అనుభూతి పొందడాన్ని అమెరికా శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ 1980లో "టెలిప్రెజెన్స్" అన్నాడు. మనం దాన్ని దూరసన్నిధి అనుకోవచ్చు. తరువాత 1997లో మాథ్యూ లాంబార్డ్, థెరెసా డిటన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆనాటివరకు వచ్చిన నిర్వచనాలన్నిటినీ పరిశీలించి ఒక నిర్ణయానికి వచ్చారు. మధ్యలో ఒక సాధనం ఉన్నదన్న సంగతి మనిషికి తోచకపోవడమే సన్నిధి అని దాని సారాంశం. ఆ తరువాత ఈ రంగంలో జరిగిన పనిలో చాలా భాగం ఈ నిర్వచనం చుట్టూనే తిరిగింది. తెర తెరగా కనబడకపోతే, తీగ తీగగా గుర్తుకు రాకపోతే, సాధనం విజయం సాధించినట్లు.

ప్రయోగశాలలో కూర్చున్నవానికి ఈ నిర్వచనం సరిపోవచ్చు. సౌదీలోని కార్మికునికి సరిపోతుందా? నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమ ప్రాంతాలనుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి సంభాషణల చరిత్రను తిరగేస్తే, సాధనం ఏనాడూ మరుపుకు రాలేదు. మొదట ఉత్తరం ఉండేది. అది చేరేసరికి రాసిననాటి జ్వరం తగ్గిపోయి ఉండేది, లేదా ముదిరిపోయి ఉండేది. తరువాత టేపు రికార్డరు వచ్చింది. చదువు రాని తల్లి కూడా క్యాసెట్టులో మాట్లాడి, సెలవుమీద వచ్చి తిరిగి వెళ్ళే పొరుగూరి మనిషి చేతికిచ్చి పంపగలిగింది. గల్ఫ్ వలసలు ముమ్మరంగా సాగిన కేరళలో ఈ మాటల క్యాసెట్టు ఇంటింటి వస్తువైంది. ఆ తరువాత నిమిషాల లెక్కన కరిగిపోయే ఫోను కార్డులు వచ్చాయి. ఇప్పుడు అంతర్జాలం మీద ముఖం కూడా కనిపిస్తున్నది.

ఈ చివరి మెట్టు కూడా సాంకేతిక విజయం ఒక్కదానివల్లనే రాలేదు. 2013 జూన్‌లో సౌదీ ప్రభుత్వం వైబర్ అనే యాప్‌ను నిలిపివేసింది. అంతర్జాలం ద్వారా మాట్లాడే యాప్‌ల మీద ఉన్న ఆంక్షలను 2017 సెప్టెంబరు 21న సడలించింది. అంటే ఆ ముందురోజు వరకు సాధనం ఉన్నది, చేతిలో ఫోనూ ఉన్నది, మాట్లాడాలన్న మనసూ ఉన్నది; అనుమతి లేదు. సన్నిధి అనేది ఫోనులోనుంచి పుట్టుకొచ్చే వస్తువు కాదని చెప్పడానికి ఈ ఒక్క తేదీ చాలు. సౌదీకీ ఇండియాకూ రెండున్నర గంటల తేడా. అక్కడ రాత్రి పది గంటలకు పని ముగిస్తే ఇక్కడ పన్నెండున్నర. అప్పటికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. తెర ఎంత స్వచ్ఛంగా ఉన్నా డ్యూటీ వేళలను అది మార్చలేదు.

ఇక్కడ మన అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "సాధనం అసలే లేని చోట సన్నిధి ఉండదా మరి?" ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు వెదకడానికి సౌదీ ఎడారి గురించే రాసిన ఒక ప్రసిద్ధ గ్రంథం ఉన్నది. మలయాళ రచయిత బెన్యామిన్ రాసిన "ఆడుజీవితం" నవల 2008లో వెలువడి, మరుసటి సంవత్సరం కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. దానినే దర్శకుడు బ్లెస్సీ చలనచిత్రంగా తీయగా 2024 మార్చిలో విడుదలై, తెలుగు మాటలతో కూడా మనవారిని చేరింది. మన తెలుగులోనూ 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి "గల్ఫ్" అనే పేరుతో ఒక చిత్రం తీశారు. అయితే మన ప్రశ్నకు బెన్యామిన్ నవలే ఎక్కువగా పనికివస్తుంది.

కథ చాలామందికి తెలిసిందే. గర్భవతి అయిన భార్య సైనును, తల్లిని ఇంట్లో విడిచి నజీబ్ రియాద్ విమానాశ్రయంలో దిగుతాడు. తీసుకుపోవడానికి వచ్చినవాడే యజమాని అనుకుని ఒకని బండి ఎక్కుతాడు. ఎడారి నడుమ మేకల దొడ్డిలో పడి మూడేళ్ళకు పైగా బానిసగా బతుకుతాడు. ఉత్తరం లేదు, ఫోను లేదు, తన భాషలో మాట్లాడే మనిషి లేడు. అప్పుడు నజీబ్ ఏమి చేస్తాడు? భార్యకు మనసులోనే ఉత్తరాలు రాసుకుంటాడు. ఆ ఉత్తరాలలో తాను సుఖంగా ఉన్నానని అబద్ధాలు చెబుతాడు. మేకలకు తన ఊరి మనుషుల పేర్లు పెట్టి పిలుచుకుంటాడు. కొడుకు పుడితే పెట్టాలనుకున్న పేరును ఒక మేకపిల్లకు పెడతాడు.

విమర్శకులు ఈ ఘట్టాలను సాధారణంగా కరుణరసానికి ఉదాహరణగా చూపిస్తారు. అంతటితో ఆగిపోతే నష్టం. నవల ఇక్కడ సన్నిధి గురించి ఒక సూక్ష్మమైన సంగతి చెబుతున్నది. పోస్టు చేయడానికి వీలులేని ఉత్తరంలో కూడా నజీబ్ అబద్ధమే చెబుతున్నాడు. చదివేవారు లేరని తెలిసీ, చదివేవారు బాధపడకూడదని జాగ్రత్త పడుతున్నాడు. ఇంట్లోవారు అతనికి ఎంత దగ్గరగా ఉన్నారో ఆ జాగ్రత్తలో తెలుస్తుంది. నేటి వీడియో కాల్‌లో కార్మికుడు చేసే పని కూడా ఇదే. పదిమంది పడుకునే గదిలో గోడ శుభ్రంగా ఉన్న మూల చూసుకుని నిలబడతాడు, కట్టు కట్టిన చేతిని తెర దాటించి కిందికి దించుతాడు. సాధనం మారింది గాని ప్రేమ చెప్పే అబద్ధం మారలేదు. కాబట్టి ముఖం కనిపిస్తున్నది గనుక నిజం కనిపిస్తున్నదని పరిశోధకులు అనుకోరాదు. తెరమీదికి వచ్చినదానితోపాటు తెరకు అవతల ఉంచినదాన్ని కూడా లెక్కించాలి.

చలనచిత్రం ఈ సంగతిని ఇంత లోతుగా పట్టుకోలేదని నా అభిప్రాయం. నటుడు పృథ్వీరాజ్ పడిన శ్రమను తక్కువ చేయడం లేదు. అయితే దృశ్యమాధ్యమం కావడంతో అది ఊరి నదిని, భార్య రూపాన్ని కళ్ళకు కట్టి చూపించేసింది. నవలలో నజీబ్ వెదుక్కుని తెచ్చుకునే సన్నిధి, చిత్రంలో ప్రేక్షకునికి వెదకకుండానే దొరుకుతుంది. ఇంకొక విశేషం. ఆ చిత్రంలో మనం చూసే సౌదీ ఎడారి సౌదీది కాదు. జోర్డాన్‌లో, అల్జీరియాలో చిత్రీకరించారు. 2020లో కోవిడ్ కారణంగా చిత్రబృందం కూడా కొంతకాలం జోర్డాన్‌లో చిక్కుకుపోయింది. మరొక దేశపు ఇసుకను చూసి మనం సౌదీని చూశామనుకుంటున్నాం. ఇది చిత్రానికి దోషం కాదు. మాధ్యమం స్వభావం అది. సన్నిధి మీద పరిశోధన చేసేవారు మాత్రం దీన్ని మరువరాదు.

నవలలో అన్నిటికన్నా భయంకరమైన ఘట్టం ఎడారిలో జరగదు. పారిపోయి వచ్చిన నజీబ్ రియాద్‌లోని బత్‌హా పోలీసులకు లొంగిపోయి జైలుకు చేరతాడు. తప్పించుకున్న పనివారిని గుర్తుపట్టడానికి యజమానులు జైలుకు వస్తూంటారు. ఒకనాడు అతని యజమాని కూడా వస్తాడు. అతన్ని చూస్తాడు, చూసీ వదిలి వెళ్ళిపోతాడు. కారణం తరువాత తెలుస్తుంది: నజీబ్ అతని వీసా మీద వచ్చినవాడు కాడు. కాగితం ప్రకారం ఆ దొడ్డిలో నజీబ్ ఏనాడూ లేడు. మూడేళ్ళు ఆ దేహం అక్కడ ఎండింది, తన్నులు తిన్నది. అయినా చట్టం కంటికి ఆ దేహానికి అక్కడ ఉనికి లేదు. అదే చివరికి అతన్ని కాపాడింది. దేహం ఉండి సన్నిధి లేకపోవడం అంటే ఇది. "దేహం అక్కడ, మనసు ఇక్కడ" అని తేలికగా రెండు గదులు గీసిన ప్రతిపాదనలో ఈ మూడవ గదికి చోటు లేదు. ఆ గది కాగితానిది.

ఇక బౌద్ధం సంగతి. ప్రతిపాదనలోని మూడవ మాటతోనే నాకు పెద్ద తగాదా. కాని ముందుగా మంచిమాట చెప్పాలి. ఈ విషయానికి బౌద్ధాన్ని తోడు తెచ్చుకోవడం సరైన పనే. పరాయి పండితుల నిర్వచనం కన్నా మన కృష్ణాతీరంలో పండిన ఆలోచనే ఇక్కడ బాగా పనికివస్తుంది.

మొట్టమొదట ఆ మాటనే చూడండి. బౌద్ధులు ధ్యానంలో నిలకడగా మెలకువతో ఉండడాన్ని పాలీలో "సతి" అంటారు. సంస్కృతంలో అది స్మృతి. స్మృతి అంటే జ్ఞాపకం అని మనకు తెలుసు. ఈ సాధనకు సంస్కృత బౌద్ధగ్రంథాలు పెట్టిన పేరు స్మృత్యుపస్థానం. ఉపస్థానం అంటే దగ్గర నిలబడడం. జ్ఞాపకమూ సన్నిధీ ఒకే మాటలో కలిసి ఉన్నాయి. ప్రయోగశాల నిర్వచనం ప్రకారం మధ్యలోని సాధనాన్ని మరిచిపోవడమే సన్నిధి. బౌద్ధం ప్రకారం మరుపు అవిద్య వైపుకు నడిపిస్తుంది. ఊపిరి తీస్తున్నప్పుడు తీస్తున్నానని ఎరిగి ఉండడం, బాధ కలిగినప్పుడు బాధ కలిగిందని ఎరిగి ఉండడం, ఇదీ సాధన. ఈ రెండు దారులూ ఎదురెదురు దిక్కులకు పోతాయి. ఫోను పెట్టేసిన తరువాత, "ఇప్పటిదాకా నేను చూసింది తెరను" అని ఎరిగి ఏడ్చే ఇల్లాలు ప్రయోగశాల లెక్కలో ఓడిపోయినట్లు. బౌద్ధుని లెక్కలో ఆమె మెలకువగా ఉన్నది. అమ్మాయి పరిశోధనకు అసలైన ఆరంభం ఈ వైరుధ్యం దగ్గర ఉన్నదని నా మనవి.

రెండవది అమరావతి. అక్కడి తొలినాటి శిల్పాలలో బుద్ధుని మనిషి రూపంలో చెక్కలేదు. బోధివృక్షం కింద ఖాళీ ఆసనం ఉంటుంది, దానిముందు పాదముద్రలు ఉంటాయి, చుట్టూ జనం చేతులు జోడించి నిలబడి ఉంటారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి పలక ఒకదానికి రెండువైపులా శిల్పం ఉన్నది. ఒకవైపు క్రీ.పూ. మొదటి శతాబ్దంలో చెక్కిన ఖాళీ ఆసనం. దాన్నే తిప్పి రెండవవైపు క్రీ.శ. మూడవ శతాబ్దంలో స్తూపాన్ని, దాని వాకిట నిలబడిన బుద్ధుని చెక్కారు. రూపం లేని సన్నిధీ రూపం ఉన్న సన్నిధీ ఒకే రాతికి వెన్నూ వెన్నుగా నిలిచాయి. ఒకటి వచ్చిందని మరొకదాన్ని చెరిపివేయలేదు. ఉత్తరం పోయి క్యాసెట్టు, క్యాసెట్టు పోయి వీడియో వచ్చాయనీ, వచ్చిన ప్రతిదీ ముందుదానికన్నా సన్నిధిని పెంచిందనీ వరుస కట్టేవారు ఈ పలకను ఒకసారి చూడాలి.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఈ ఖాళీ ఆసనాలు కనబడని బుద్ధునికి గుర్తులు కావనీ, చాలావరకు ఆయన తరువాతికాలంలో పుణ్యక్షేత్రాలను దర్శించే యాత్రికుల దృశ్యాలనీ 1990లో సుసాన్ హంటింగ్టన్ వాదించారు. ఒకే గుర్తుకు ఒకేసారి అనేక అర్థాలు ఉండవచ్చునని 1991లో విద్యా దహేజియా జవాబు చెప్పారు. ఖాళీ కనబడిన ప్రతిచోటా "అభావంలో సన్నిధి" అని రాసేయడం సులభం. ఎవరు ఏ పని మీద ఆ ఆసనం ముందు నిలబడ్డారో విచారించడం కష్టం. ఆ కష్టమైన పనే పరిశోధన.

మూడవది, చైత్యాల విభాగం. పాలీ జాతక కథలలో పూజనీయాలను మూడు తెగలుగా చెప్పారు. దేహపు అవశేషాలు శారీరకం. ఆయన వాడిన వస్తువులు పారిభోగికం. ఆయనను గుర్తుచేసే రూపాలు ఉద్దేశికం. దేవుని సన్నిధికి పెట్టుకున్న ఈ కొలతను కూలిమనిషి సన్నిధికి వాడితే తప్పేమీ లేదు. దండెం మీద ఉతకకుండా ఉంచుకున్న చొక్కా, ఆవకాయ పోసి పంపితే తిరిగివచ్చిన ఖాళీ సీసా పారిభోగికాలు. గోడమీది ఫోటో, తెరమీది ముఖం ఉద్దేశికాలు. మరి శారీరకం? దానికి జవాబు గల్ఫ్ పల్లెలకు బాగా తెలుసు. విమానంలో వచ్చే శవపేటిక అది. ఆ పెట్టె రావడానికి పట్టే కాగితాలన్నీ కుదిరేవరకు ఇంటివారు ఎదురుచూస్తూ కూర్చుంటారు. వీడియోలో ముఖం చూశాం కదా అని ఏ తల్లీ ఆ పెట్టె వద్దనదు. ఉద్దేశికం ఎంత స్పష్టంగా ఉన్నా శారీరకానికి బదులు కాలేదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక నాగార్జునుడు. ఆయన తన మూలమధ్యమక కారికలలో రెండవ ప్రకరణం మొత్తం రాకపోకల విచారణకే కేటాయించాడు. నడిచిన దారిలో నడక లేదు, నడవవలసిన దారిలో ఇంకా లేదు, మరి నడక ఎక్కడ ఉన్నదని ఆయన అడుగుతాడు. నడిచేవాడు, నడక, దారి ఒకదాన్ని విడిచి ఒకటి నిలబడలేవని ఆయన వాదన సారం. తర్కంగా చదివితే ఇది బుర్ర తిరిగే మాట. వలసవాని జీవితంగా చదివితే చాలా తేటగా ఉంటుంది. వెళ్ళినవాడు ఊరినుంచి పూర్తిగా వెళ్ళనూ లేదు, అక్కడికి పూర్తిగా చేరనూ లేదు. అతన్ని "వెళ్ళినవాడు"గా చేసింది అతని కాళ్ళు ఒక్కటే కాదు. అప్పు, ఏజెంటు, వీసా, ఇంటి అవసరం అన్నీ కలిసి చేశాయి. దీనినే బౌద్ధులు ప్రతీత్యసముత్పాదం అంటారు. ఏదీ తనంతట తాను పుట్టదు, కారణాలూ పరిస్థితులూ కూడినప్పుడు పుడుతుంది. సన్నిధి కూడా అంతే. దాన్ని ఫోనులో వెదికితే దొరకదు, మనసులో వెదికినా దొరకదు. ఫోను, తీరిక, జీతం, అనుమతి, ఇంటికి వెళ్ళి రాగల హక్కు, వీటి కూడికలో వెదకాలి.

ఇప్పుడు నా తగాదా చెబుతాను. బౌద్ధాన్ని ఇంతదూరం వెంటతెచ్చుకుని, చివరకు "దేహం అనిత్యం, దూరం భ్రమ, సన్నిధి మనసులోనే ఉన్నది" అని తేల్చేవారు ఉంటారు. ఇది ఓదార్పులాగా కనిపించే అన్యాయం. పాస్‌పోర్టు గుంజుకున్న యజమానికీ, సెలవు ఇవ్వని కంపెనీకీ ఈ సిద్ధాంతం ఎంతో అనుకూలం. దేహం ఎక్కడ ఉంటేనేమి అని తత్త్వమే చెబుతుంటే ఇక అడిగేదెవరు? స్పాన్సరు అనుమతి లేకుండా ఉద్యోగం మారడానికి, దేశం విడవడానికి వీలులేని కఫాలా పద్ధతి సౌదీలో దశాబ్దాలపాటు సాగింది. 2021 మార్చిలో ప్రైవేటు కంపెనీల కార్మికులకు కొన్ని షరతులతో ఆ నిబంధనలు సడలించారు. ఇళ్ళలో పనిచేసేవారికి మాత్రం ఆ సడలింపు వర్తింపజేయలేదు. మన నజీబ్ వంటి పశువుల కాపరులకూ అది అందలేదు. బుద్ధుడు చెప్పిన మొదటి సత్యం దుఃఖం ఉన్నదని. రెండవది దానికి కారణం ఉన్నదని. కారణాన్ని వదిలిపెట్టి శూన్యతను మాత్రం పట్టుకున్న బౌద్ధం సగం బౌద్ధమే.

దీనికి బౌద్ధవాఙ్మయంలోనే ఒక కథ సాక్ష్యం ఉన్నది. వక్కలి అనే భిక్షువు రాజగృహంలో ఒక కుమ్మరి ఇంట్లో జబ్బుపడి ఉన్నాడు. బుద్ధుని దర్శించాలని ఎంతోకాలంగా కోరిక. లేచి వెళ్ళే శక్తి లేదు. బుద్ధుడు అతనితో, కుళ్ళిపోయే ఈ దేహాన్ని చూసి ఏమి లాభం, ధర్మాన్ని చూసినవాడే నన్ను చూసినవాడని బోధిస్తాడు. సన్నిధి దేహంలో లేదనడానికి పండితులు ఈ ఘట్టాన్ని తరచుగా చూపుతారు. కాని వారు ఒక చిన్న సంగతి దాటిపోతారు. ఆ మాట బుద్ధుడు కబురు చేయలేదు. వేణువనం నుంచి నడిచి ఆ కుమ్మరి ఇంటికి వచ్చి, రోగి మంచం దగ్గర కూర్చుని చెప్పాడు. దేహం ముఖ్యం కాదన్న మాటను కూడా దేహంతో వచ్చి చెప్పాడు. ముందు రాక, తరువాత బోధ. రాలేకుండా కట్టివేయబడినవానికి, రాక అవసరం లేదని మనం బోధించడానికి ఏమి అర్హత ఉన్నది?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 1834 నుంచి దాదాపు ఐదు లక్షలమంది ఈ ద్వీపానికి కూలి ఒప్పందం మీద వచ్చారు. వారిలో మన కోరంగి రేవునుంచి, ఉత్తరాంధ్రనుంచి వచ్చిన తెలుగువారున్నారు. 1867 చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన పాత వలసదారులు తమ ఫోటో అంటించిన టిక్కెట్టును ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా దారిమీద కనబడితే పట్టుకునేవారు. ఆ ఫోటో ఇంటికి పంపడానికి తీసింది కాదు. ఇంటినుంచి విడదీసి, తోటకు కట్టివేయడానికి తీసింది. ఈనాటి సౌదీ కార్మికుని జేబులో ఉండే ఇకామా కార్డు మీది ఫోటోకు అది పెద్దన్న.

కాని కథ అక్కడితో ఆగలేదు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ సహాయంతో 9,401 మంది పాత వలసదారులు తమ బాధలు చెప్పుకుంటూ అర్జీ పెట్టుకున్నారు. 1872లో రాయల్ కమిషన్ వచ్చి విచారించింది. చదువు రానివారి గుర్తులు నిండిన ఆ కాగితం కూడా ఒక మాధ్యమమే. తోటల్లో కనబడకుండా ఉన్న మనుషులను అది రాజ్యం కళ్ళముందు నిలబెట్టింది. కట్టివేయడానికి తీసిన ఆ ఫోటోలూ ఈనాడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచిన వలస పత్రాలలో ఉన్నాయి. మనలో ఎందరో అక్కడికి వెళ్ళి నంబరు చెప్పి, ముత్తాత ముఖాన్ని మొదటిసారి చూసి కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. కాపలాకు పెట్టిన బొమ్మ నూరేళ్ళ తరువాత సన్నిధి అయింది. బొమ్మ మారలేదు; దానిచుట్టూ ఉన్న పరిస్థితులు మారాయి. ప్రతీత్యసముత్పాదాన్ని మనకు ఇంతకన్నా దగ్గరగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

కాబట్టి అమ్మాయికి నేను సూచించిన దారి ఇది. "ఫోను దూరాన్ని జయించిందా?" అన్న ప్రశ్నను వదిలిపెట్టాలి. "సన్నిధి కలగడానికి ఏయే పరిస్థితులు కూడాలి, వాటిలో ఏది ఎవరి చేతిలో ఉన్నది?" అన్న ప్రశ్న వేసుకోవాలి. ఒక కుటుంబాన్ని తీసుకుని, వారు వాడిన ఉత్తరం, క్యాసెట్టు, కార్డు, వీడియో కాల్ వరుసగా రాసుకుని, ప్రతిదాని పక్కన ఆ సమయంలో అతనికి సెలవు ఉన్నదా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉన్నది, అప్పు ఎంత మిగిలి ఉన్నదన్నవి కూడా రాయాలి. తెరమీద చెప్పినదాన్నీ, తెరమీద దాచినదాన్నీ రెంటినీ అడగాలి. రెండవదాన్ని ఒత్తిడి చేయకుండా అడగాలి. దాచుకునే హక్కు కూడా వారిదే. క్యాసెట్టు టేపులు ఏళ్ళతో పాడైపోతాయి గనుక, ఇంటివారు అనుమతిస్తే వాటిని ముందుగా భద్రపరచాలి. మన ముత్తాతల ముఖాలు మిగిలాయి గాని గొంతులు మిగలలేదు. గల్ఫ్ కుటుంబాల మనుమలకు ఆ కొరత రాకూడదు.

ఆమె ఒక అభ్యంతరం చెప్పింది. "ఇలా చేస్తే బౌద్ధం తక్కువై, కూలి చట్టాలు ఎక్కువవుతాయేమో" అన్నది. నాకు అలా తోచడం లేదు. నాగార్జునుడే ఒక శాతవాహన రాజుకు ఉత్తరం రాశాడని సంప్రదాయం. "సుహృల్లేఖ" అని దాని పేరు. సంస్కృత మూలం పోయినా టిబెటన్, చైనా భాషలలో అది నిలిచింది. శూన్యతను బోధించిన మహాతార్కికుడు దూరాన ఉన్న మిత్రునికి రాయవలసివచ్చినప్పుడు, దూరం లేదని రాయలేదు. ఎలా బతకాలో రాశాడు. పరిశోధనకు ఆ మార్గం చాలు.

ఏటా నవంబరు 2న మనం పోర్ట్ లూయిస్‌లోని అప్రవాసీ ఘాట్‌కు వెళతాం. అక్కడ పదహారు రాతి మెట్లు ఉన్నాయి. వాటిమీద ఎవరూ ఉండరు. మనం పూలు పెట్టి, చేతులు జోడించి నిలబడతాం. అమరావతి శిల్పంలో ఖాళీ ఆసనం ముందు నిలబడినవారి వలెనే. ఆ మెట్లు ఎక్కినవారిలో చాలామంది తిరిగి దిగి వెళ్ళలేకపోయారన్న సంగతి మరిచిపోయి నమస్కరిస్తే అది ఆచారం మాత్రమే అవుతుంది. గుర్తుంచుకుని నిలబడితే అది స్మృత్యుపస్థానం. వచ్చే సంవత్సరం ఆ అమ్మాయి అక్కడినుంచే తన మొదటి అధ్యాయం మొదలుపెడతానన్నది. పూర్తయిన తరువాత ఈ పత్రికలోనే దానిని సమీక్షించే అవకాశం నాకు కలగాలని కోరుకుంటున్నాను.